బరాత్ బండి మీది వింత వాయిద్యాలు

కామారెడ్డిలో ముహూర్తాలు మొదలైతే సిరిసిల్ల రోడ్డు మీదా నిజాంసాగర్ చౌరస్తా దగ్గరా రాత్రిపూట బండ్లన్నీ నడక వేగానికి దిగిపోతాయి. ముందు డీసీఎంలో డీజే, దాని వెనక ఆడే జనం, ఆ వెనక పూలు కట్టిన కారు. ఆ డబ్బాల్లోంచి వచ్చే ఒక్కో చప్పుడుకూ ఒక పుట్టిన ఊరుంది. ఒకటి ఒసాకా నుంచి వచ్చింది, ఒకటి కింగ్‌స్టన్ నుంచి, ఒకటి చమురు బావులు వెతికే లెక్కల్లోంచి. కొన్ని అంగట్లో అమ్ముడుపోక మూలపడ్డ యంత్రాలవి. మరికొన్ని మనదేశంలోనే పుట్టి, మనమే మరిచిపోయినవి.

అన్నిటికన్నా పాత స్వరం

ఎల్లారెడ్డి మొదలుకొని బాన్సువాడ దాకా ఏ ఊళ్లో బరాత్ తీసినా ఏదో ఒక ఘడియలో నాగిని పాట పడాల్సిందే. అప్పటిదాకా గోడకానుకుని నిలబడ్డ బావమరిది కూడా దస్తీ తీసి కొస నోట్లో పెట్టుకుని బూర ఊదినట్టు ఊగుతాడు. ఇంకొకడు చేతులు పడగలా పట్టి తారు రోడ్డు మీద పాకుతాడు. పెళ్లి బట్టలు ఏమైపోతాయన్న చింత ఉండదు.

అందరూ పాములవాడి బూర అనుకునే ఆ స్వరం బూరది కాదు, కరెంటు వాయిద్యానిది. 1954లో వచ్చిన హిందీ సినిమా ‘నాగిన్’కు హేమంత్ కుమార్ సంగీతం సమకూర్చాడు. అందులో బూర వినిపించే చోట వాయించింది క్లావియోలిన్ అనే చిన్న కీబోర్డు. వాయించినవాడు కల్యాణ్‌జీ వీర్‌జీ షా, తర్వాతి కాలంలో కల్యాణ్‌జీ-ఆనంద్‌జీ జంటగా పేరు పొందినాయన. కాన్‌స్టాంట్ మార్టిన్ అనే ఫ్రెంచి ఇంజనీరు 1947లో దాన్ని తయారుచేశాడు. మూడు ఆక్టేవుల మెట్లు, పక్కన ఒక ఆంప్లిఫైయర్ పెట్టె, అంతే సరంజామా. దాని ముక్కుగొంతు అచ్చం బూరలా ఉండడం కల్యాణ్‌జీ చెవికి తట్టింది. ఇదే వాయిద్యం 1962లో టొర్నాడోస్ బృందం ‘టెల్‌స్టార్’ పాటలో మోగి, అమెరికాలో మొదటి స్థానానికి చేరిన తొలి బ్రిటిష్ బృందంగా వాళ్లను నిలబెట్టింది. మనకు మాత్రం అంతకు ఎనిమిదేళ్ల ముందే అది పాము పాటగా అలవాటైపోయింది.

ఈ లెక్కన మన బరాత్‌లో ఎలక్ట్రానిక్ స్వరానికి ఆడడం డీజేలతో మొదలైంది కాదు. బ్యాండుమేళం వాళ్లు క్లారినెట్ మీద నాగిని పాట పలికించిన కాలంలోనే, వాళ్లు అనుకరిస్తున్నది ఒక కరెంటు పెట్టెను.

లారీ ఎక్కిన సంగీతం

డీసీఎం మీద జనరేటరు, బేస్ బాక్సులు, టాప్‌లు, షార్పీ లైట్లు బిగించి ఊరేగించే పద్ధతికి ప్రపంచంలో ఒక పెద్దన్న ఉన్నాడు. 1940ల చివర్లో, 1950ల మొదట్లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో క్లబ్బులకు వెళ్లే స్తోమత లేని పేటల కోసం కొందరు లారీ మీద జనరేటరు, రికార్డు ప్లేయరు, మనిషెత్తు స్పీకర్లు ఎక్కించి వీధిలోనే ఆట పెట్టారు. వాటిని సౌండ్ సిస్టమ్‌లన్నారు. టామ్ ద గ్రేట్ సెబాస్టియన్ అనేది ఆ తొలి రోజుల్లో పేరుమోసిన సిస్టమ్. ఒక సిస్టమ్‌కూ ఇంకో సిస్టమ్‌కూ పోటీలుండేవి. ఎవరి బేస్ ఎంత కొడుతుందో, ఎవరి దగ్గర ఎవరికీ దొరకని రికార్డు ఉందో జనమే తేల్చేవాళ్లు. మన గణేశ్ నిమజ్జనంలో రెండు బండ్లు ఎదురుపడ్డప్పుడు జరిగేది అదే. పాట మధ్యలో ఊదే హారన్‌కు, సైరన్ కూతకు కూడా మూలం ఆ జమైకా వీధులే. కింగ్‌స్టన్‌లో పుట్టిన కూల్ హెర్క్ న్యూయార్క్ చేరి 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో చెల్లెలి కోసం పెట్టిన పార్టీని హిప్‌హాప్ పుట్టినరోజుగా లెక్కపెడతారు. లారీ మీది విద్య అలా సముద్రాలు దాటింది.

జమైకా మాట వచ్చింది కాబట్టి కాసియో సంగతి ఇక్కడే చెప్పాలి. మన ఊళ్లలో ఏ కంపెనీ కీబోర్డునైనా కాసియో అనే అంటారు. ఆ కంపెనీ 1981లో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డు తెచ్చింది. బటన్ నొక్కితే దానంతటదే మోగే తాళాలు అందులో కొన్ని ఉన్నాయి. వాటిలో ‘రాక్’ అని రాసి ఉన్నదాన్ని కూర్చింది ఒకుదా హిరోకో, అప్పుడప్పుడే ఉద్యోగంలో చేరిన యువతి. 1985లో వేన్ స్మిత్ అనే జమైకా గాయకుడు ఆ బటన్ నొక్కి దాని మీద ‘అండర్ మీ స్లెంగ్ టెంగ్’ పాడాడు. రెగే సంగీతం ఒక్కసారిగా తీగల నుంచి డిజిటల్‌కు మళ్లింది. ఆ ఒక్క తాళం మీద తర్వాత వందల పాటలు వచ్చాయి. ఒక పిల్లల కీబోర్డులోని ఒక బటన్ ఒక దేశపు సంగీతాన్ని మార్చిన సందర్భం నాకు ఇంకొకటి తెలియదు.

ఇక ప్యాడ్స్. మన ఆర్కెస్ట్రాల్లో, భజన బృందాల్లో, బ్యాండు వాళ్ల దగ్గర కనబడే ఎనిమిది గళ్ల పలక. రోలాండ్ కంపెనీ 1985లో తెచ్చిన మొదటి ఆక్టోప్యాడ్‌కు సొంత గొంతే లేదు. పుల్లతో కొడితే వేరే యంత్రానికి సైగ పంపేది, చప్పుడు చేసేది ఆ యంత్రం. తర్వాత వచ్చిన ఎస్‌పీడీ-20 లాంటివి తబలా సహా వందల చప్పుళ్లను లోపలే దాచుకుని వచ్చాయి. ఇవి వచ్చాక డోలు, తబలా, కాంగో, డ్రమ్ములకు నలుగురు కూర్చునే చోట ఒక్కడే నిలబడి వాయిస్తున్నాడు. మిగిలిన ముగ్గురి కూలి ఏమైందన్నది కూడా ఈ విశేషంలో భాగమే.

ఓడి గెలిచిన యంత్రం

బండి వీధి మలుపు తిరగకముందే మన కిటికీ అద్దాలు జివ్వుమంటాయి. ఆ లోతైన ‘దుమ్’ శబ్దానికి తాత ఒకాయన ఉన్నాడు: రోలాండ్ టీఆర్-808.

ఒసాకాలో 1930లో పుట్టిన ఇకుతారో కకెహాషి గడియారాలు బాగుచేసే కొట్టుతో బతుకు మొదలుపెట్టి, 1972లో రోలాండ్ కంపెనీ పెట్టాడు. 1980లో ఆ కంపెనీ 808 అనే డ్రమ్ యంత్రాన్ని తెచ్చింది. వెల 1,195 డాలర్లు. అదే కాలంలో అమెరికాలో రోజర్ లిన్ తెచ్చిన ఎల్ఎం-1 నిజమైన డ్రమ్ముల రికార్డింగులు వినిపించేది, కానీ దాని వెల 4,995 డాలర్లు. 808లో రికార్డింగు ఒక్కటి కూడా లేదు. ప్రతి చప్పుడూ సర్క్యూట్‌లో అప్పటికప్పుడు పుట్టాల్సిందే. ఆవు మెడలో గంట చప్పుడు ఎలా చేశారో చూడండి: ఒకటి 540 హెర్ట్జ్, ఇంకొకటి 800 హెర్ట్జ్ దగ్గర మోగే రెండు చదరపు తరంగాలను కలిపారు. అంతే, గంట. వినగానే ఏ ఆవూ తలెత్తదు గానీ, ఒక్కసారి విన్న మనిషి మరిచిపోడు. చప్పట్లేమో ఉత్త గాలిహోరును క్షణంలో ముక్కలు ముక్కలుగా కోసి తెచ్చినవి.

అసలు డ్రమ్ములా లేదని అప్పటి వాద్యకారులు పెదవి విరిచారు. దాదాపు 12,000 యంత్రాలు అమ్మి 1983లో తయారీ ఆపేశారు. ఆపడానికి ఇంకో కారణం కూడా ఉంది, ఈ వ్యాసంలో నాకు బాగా నచ్చిన విశేషం అదే. 808కు ఆ బుసబుసలాడే గుణం ఇచ్చినవి తయారీలో లోపం వచ్చి పక్కన పడేసిన ట్రాన్సిస్టర్లు. రోలాండ్ వాటిని ఏరి కొనేది. సెమీకండక్టర్ కార్ఖానాలు పని మెరుగుపరుచుకున్నాక చెడ్డ ట్రాన్సిస్టర్లు రావడం ఆగిపోయింది. మంచి సరుకుతో ఆ చప్పుడు రాదు.

అమ్ముడుపోని 808లు పాత సామాన్ల దుకాణాల్లోకి చేరాయి. అక్కడ చౌకగా దొరికినవాటిని కొనుక్కున్నది చేతిలో డబ్బులేని కుర్రాళ్లు. అంతకు ముందే 1982లో ఆఫ్రికా బంబాటా ‘ప్లానెట్ రాక్’లో, మార్విన్ గే ‘సెక్సువల్ హీలింగ్’లో దాన్ని మోగించి దారి చూపారు. దాని పెద్ద డ్రమ్ముకు ‘డికే’ అని ఒక మర ఉంటుంది. దాన్ని చివరిదాకా తిప్పితే దెబ్బ ఆగకుండా సాగుతుంది. దెబ్బ కాస్తా బేస్ స్వరమైపోతుంది. ఇవాళ మన డీజే బాక్సుల్లోంచి ఛాతీకి తగిలేది ఆ సాగిన దెబ్బ సంతతే.

అద్దాలు ఎందుకు అదురుతాయో కూడా ఇక్కడే చెప్పేస్తాను. 50 హెర్ట్జ్ దగ్గర ధ్వని తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. మన ఇంటి గోడ, తలుపు దానికి లెక్కలోకి రావు, వాటిని చుట్టి వచ్చేస్తుంది, దాటి వచ్చేస్తుంది. పాడేవాళ్ల గొంతులోని సన్నని స్వరాలు గోడకు తగిలి ఆగిపోతాయి. అందుకే రెండు వీధుల అవతలి బరాత్‌లో పాట ఏదో తెలియదు, బేస్ మాత్రం తెలుస్తుంది.

ప్రపంచం కన్నా అయిదేళ్లు ముందు

రోలాండే 1980ల మొదట్లో టీబీ-303 అని ఇంకో పెట్టె తెచ్చింది. దాని రూపశిల్పి తదావో కికుమోతో. బేస్ గిటారు వాయించేవాడు దొరకని గాయకుడికి తోడు ఉండాలని దాన్ని ఉద్దేశించారు. కానీ అది గిటారులా మోగలేదు. పైగా అందులో స్వరాలు ఒక చోట, కాలప్రమాణం ఇంకో చోట విడివిడిగా ఎక్కించాలి. ఎవరికీ ఓపిక పట్టలేదు. 10,000 దాకా చేసి 1984లో ఆపేశారు.

1980ల మధ్యలో షికాగోలో డీజే పియరే, స్పాంకీ, హెర్బ్ జే అనే ముగ్గురు యువకుల చేతికి వాడేసిన 303 ఒకటి వచ్చింది. వాడే పుస్తకం లేదు. మోగుతుండగానే మరలు అటూ ఇటూ తిప్పారు. యంత్రం కీచుమంది, గురగురలాడింది, నీళ్లల్లో మాట్లాడినట్టు మూలిగింది. అదే 1987లో ఫ్యూచర్ అనే పేరుతో విడుదలైన ‘యాసిడ్ ట్రాక్స్’. పియరే చెప్పే కథ ప్రకారం, రాన్ హార్డీ అనే డీజే తన క్లబ్బులో దాన్ని మొదటిసారి వేస్తే జనం ఆట వదిలి పక్కకు వెళ్లిపోయారు. ఆయన ఆ రాత్రే మళ్లీ వేశాడు, మళ్లీ వేశాడు. నాలుగోసారికి జనం పిచ్చెత్తినట్టు ఆడారు. యాసిడ్ హౌస్ అనే శాఖ అలా మొదలైందని సంగీత చరిత్రలన్నీ రాసుకున్నాయి.

ఆ చరిత్రలు రాసినవాళ్లకు బొంబాయి సంగతి తెలియదు. చరణ్‌జిత్ సింగ్ హిందీ సినిమా స్టూడియోల్లో వాద్యకారుడు. ఆర్.డి. బర్మన్ లాంటి వాళ్ల పాటలకు వాయించినవాడు. అప్పుడే అంగట్లోకి వచ్చిన రోలాండ్ యంత్రాలు మూడు ఆయన దగ్గర ఉన్నాయి: 808, 303, జుపిటర్-8 కీబోర్డు. 1982లో వాటితో ఒక రికార్డు చేశాడు. పేరు ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’. హెచ్‌ఎంవీ విడుదల చేసింది. ఎవరూ కొనలేదు.

అందులోని పది రాగాల్లో కొన్నింటితో మనకు చుట్టరికం ఉంది. భూపాలి మన మోహన, మాల్‌కౌంస్ మన హిందోళం, యమన్ మన కళ్యాణికి దగ్గర, కళావతి మన వలజి. 808 నాలుగు దెబ్బల తాళం వేస్తుంటే, కింద 303 రాగం స్వరాలను తిప్పి తిప్పి చుడుతుంటుంది, పైన జుపిటర్ ఆలాపన సాగిస్తుంది. 303లో ‘స్లైడ్’ అని ఒక సదుపాయం ఉంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఎగరకుండా జారుతుంది. గిటారు వాయించేవాళ్లకు అది అవసరం పడలేదు గానీ, స్వరాన్ని జార్చే మీండు తెలిసిన మనిషి చేతిలో పడితే దాని అవసరం దానికే తెలిసింది. ఆ రికార్డు ఇప్పుడు వింటే 1987లో షికాగో కుర్రాళ్లు కనిపెట్టారన్న చప్పుడు అక్షరాలా అదే. అయిదేళ్లు ముందు.

డచ్చి దేశపు రికార్డుల సేకర్త ఎడో బౌమన్ 2002లో దాన్ని కనుగొని, 2010లో మళ్లీ విడుదల చేశాడు. చరణ్‌జిత్ సింగ్ డెబ్భై దాటాక ఐరోపా వేదికల మీద కుర్రకారు ఎదుట అదే రాగాలు వాయించాడు. 2015లో ముంబైలో కన్నుమూశాడు. షికాగో వాళ్లు ఆయన రికార్డు విని నేర్చుకున్నారని నేననను, వాళ్లకు దాని ఊసే తెలియదు. ఒకే యంత్రం రెండు దేశాల్లో రెండు చేతుల్లో ఒకే దారి పట్టింది. ఇద్దరిలో ఎవరు ముందో చెప్పాల్సి వస్తే మాత్రం తేదీ చెబుతుంది.

దీనికన్నా ముందు మాట ఒకటుంది. 1969లో అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థలో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ ఒక మూగ్ సింథసైజర్‌తో స్టూడియో ఏర్పాటు చేశాడు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, జిన్‌రాజ్ జోషీపురా లాంటివాళ్లు అక్కడ టేపులు చేశారు. అవి దశాబ్దాల పాటు అల్మారాల్లో ఉండిపోయి ఇటీవలే బయటికొచ్చాయి.

ఒక్కో మాటలో మరికొన్ని

డీజేలు ‘ఈడీఎం మిక్స్’ అని పేరు పెట్టి అమ్మే పాటల్లో వరసగా ఎదురయ్యే చప్పుళ్లు ఇవి. ‘టిస్ టిస్’ అనే తాళాలు టీఆర్-909వి. 1983లో వచ్చిన ఈ యంత్రం డ్రమ్ములను సర్క్యూట్‌లో పుట్టించి, తాళాలను మాత్రం రికార్డు చేసి పెట్టుకుంది. టెక్నో, హౌస్ సంగీతాలకు ఇదే వెన్నెముక. గుండ్రంగా గంతులేసే ఆర్గన్ కొర్గ్ ఎం1ది. 1988లో వచ్చి దాదాపు 2,50,000 అమ్ముడైన కీబోర్డు ఇది, రాబిన్ ఎస్ పాడిన ‘షో మీ లవ్’లో మోగేది దాని ‘ఆర్గన్ 2’ అనే బటనే. వాక్యూమ్ క్లీనర్ మోతను తలపించే ‘హూవర్’ స్వరం 1980ల మధ్యలో వచ్చిన రోలాండ్ ఆల్ఫా జూనోలోంచి పుట్టింది. చేతులు పైకెత్తించే ఆ వెడల్పాటి, మెరిసే స్వరాల గోడను సూపర్‌సా అంటారు. రోలాండ్ జేపీ-8000లో ఏడు రంపపు తరంగాలను కొద్దికొద్దిగా శ్రుతి తప్పించి ఒకేసారి మోగిస్తే అది వస్తుంది. శ్రుతి కొంచెం తప్పితేనే అందం వచ్చే చోటు సంగీతంలో ఇదొకటి.

వీటన్నిటినీ ఒకదానితో ఒకటి మాట్లాడించే భాష మిడి. ఏ కంపెనీ యంత్రమైనా ఇంకో కంపెనీ యంత్రానికి సైగ చేయగలిగే ఈ ఒప్పందం 1983లో వచ్చింది. అందుకు కకెహాషికీ, అమెరికాకు చెందిన డేవ్ స్మిత్‌కూ 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు.

చమురు బావిలోంచి వచ్చిన గొంతు

ఆండీ హిల్డెబ్రాండ్ అనే ఇంజనీరు చమురు కంపెనీల కోసం పనిచేసేవాడు. భూమిలోకి ధ్వని తరంగాలు పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని లెక్కగట్టి చమురు ఎక్కడుందో చెప్పే గణితం ఆయనది. అదే గణితంతో పాడేవాళ్ల శ్రుతి ఎక్కడుందో కూడా తెలుసుకోవచ్చని గ్రహించి 1997లో ఆటోట్యూన్ తెచ్చాడు. తప్పిన స్వరాన్ని ఎవరికీ తెలియకుండా సరిచేయడం దాని పని. సవరణ ఎంత నెమ్మదిగా జరగాలో చెప్పే మర ఒకటుంది. దాన్ని సున్నాకు తిప్పితే గొంతు స్వరం నుంచి స్వరానికి మెట్లెక్కినట్టు ఎగురుతుంది. 1998లో షెర్ పాడిన ‘బిలీవ్’లో కావాలనే అలా చేశారు. రహస్యం దాచడానికి అది వేరే పరికరమని నిర్మాతలు కొంతకాలం చెప్పుకొచ్చారు.

ఇప్పుడు మన జిల్లాల్లో జానపద పాటలు రికార్డు చేసే చిన్న స్టూడియోల్లో స్వరం సవరించే సాఫ్ట్‌వేర్ మామూలు సరుకు. తండాల్లో మోగే బంజారా డీజే పాటల్లోనూ ఆ మెట్ల గొంతు వినిపిస్తుంది. ఆటకు అది బాగుంటుంది, కాదనను. కానీ పొలంలో నాటు వేస్తూ పాడే ఆడవాళ్ల గొంతులో వరస చివర ఒక జీర, ఒక జారుడు ఉంటుంది. స్వరం అక్కడ శ్రుతి పెట్టె చెప్పిన చోట ఉండదు, రెండు స్వరాల మధ్య ఎక్కడో ఉంటుంది. ఆ మర సున్నా మీద ఉన్నప్పుడు మొదట పోయేది అదే. పాట అలాగే ఉంటుంది, పాడిన ఊరు పోతుంది.

అతి పెద్ద చప్పుడు

1972లో లండన్ రెయిన్‌బో థియేటర్‌లో డీప్ పర్పుల్ బృందం 117 డెసిబెళ్లతో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. తర్వాత 1976లో ద హూ బృందం 126కు చేరింది. ఆ పైన గిన్నిస్ వాళ్లే ఆ విభాగం ఎత్తేశారు. చెవులు పోగొట్టుకునే పోటీని ప్రోత్సహించకూడదన్నది కారణం. ఆ నిర్ణయాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో హద్దు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్ స్పీకర్లు వాడకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద మండలం. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. 100 డెసిబెళ్ల దగ్గర పావుగంట ఉంటే చాలు, చెవికి ఒక రోజు కోటా అయిపోయినట్టేనని నిపుణుల లెక్క. బాక్సులకు ఆనుకుని ఆడే పిల్లలను పది అడుగులు వెనక్కి పిలవడం ఇంటి పెద్దల చేతిలో పని.

చప్పుడు కాక కాలంలో రికార్డులు కూడా ఉన్నాయి. పోలండ్‌కు చెందిన నార్బర్ట్ సెల్మాయ్ 2014 నవంబర్‌లో డబ్లిన్‌లో 200 గంటలు, అంటే ఎనిమిది రోజులకు పైగా డీజేగా నిలిచాడు. టోక్యోలో డంప్లింగ్ హోటల్ నడిపే సుమికో ఇవామురో 2018లో 83 ఏళ్ల వయసులో ప్రపంచంలో అతి పెద్ద వయసు క్లబ్ డీజేగా గిన్నిస్‌కు ఎక్కింది. పగలు వంటింట్లో, రాత్రి క్లబ్బులో. డీజే అంటే పనీపాటా లేని కుర్రాడనుకునే వాళ్లకు ఈ అవ్వ సంగతి చెప్పాలి.

ఏడు సెకన్లు, ఒక డప్పు

అన్నిటికన్నా ఎక్కువగా ఇతరులు తీసుకుని వాడుకున్న చప్పుడు ఏడు సెకన్లు కూడా నిండుగా లేదు. 1969లో అమెరికాకు చెందిన ద విన్‌స్టన్స్ బృందం ఒక రికార్డు చేసింది. మొదటి వైపు పాటకు గ్రామీ వచ్చింది. రెండో వైపున నింపడానికి ‘ఆమెన్, బ్రదర్’ అని ఒక వాద్య సంగీతం పెట్టారు. దాని మధ్యలో అందరూ ఆగిపోయి, డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే నాలుగు వరసలు వాయిస్తాడు. 1980ల్లో దాన్ని కత్తిరించి హిప్‌హాప్‌లో తిప్పారు. 1990ల్లో బ్రిటన్‌లో వేగం పెంచి జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే శాఖలనే దాని మీద కట్టారు. వేల పాటల్లో ఉంది. కోల్‌మన్‌కు అందులోంచి ఒక్క పైసా రాలేదు. 2006లో అట్లాంటాలో నిలువ నీడ లేని స్థితిలో చనిపోయాడు. 2015లో బ్రిటన్ అభిమానులు చందాలు వేసి దాదాపు 24,000 పౌండ్లు బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు అందజేశారు. కోల్‌మన్ అప్పటికి లేడు.

ఇదంతా ఎక్కడో అమెరికా కథ కాదు. మన తీన్మార్ మిక్సుల్లో మోగే డప్పు కూడా ఎవరో ఒకరు కొట్టిందే.

తీన్మార్‌కు హైదరాబాద్ మర్ఫాతో బంధుత్వం ఉంది. నిజాం సైన్యంలోకి ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీలు, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు తెచ్చిన వాద్యం అది. నగారాలు, డోలక్, పుల్లలతో కొట్టే స్టీలు బిందె. ఏసీ గార్డ్స్, బార్కస్ పేటల్లోంచి పెళ్లిళ్ల మీదుగా అది రాష్ట్రమంతా పాకింది. మన పల్లెల్లో దానికి డప్పు జత కలిసింది. హౌస్ సంగీతం నాలుగు దెబ్బలను తూచినట్టు సమంగా వేస్తే, తీన్మార్ మూడు దెబ్బల మీద ఒరిగి, ఆడేవాణ్ణి పక్కకు తోస్తుంది. అందుకే ఏ విదేశీ పాట తెచ్చినా మన డీజే దాని కిందికి తీన్మార్ పరవక మానడు.

అది పరిచే చోటు ఒక లాప్‌టాప్. అందులో ఎఫ్ఎల్ స్టూడియో. బెల్జియంలో దిదియే దాంబ్రాన్ రాసిన ఈ సాఫ్ట్‌వేర్ 1997లో ఫ్రూటీలూప్స్ పేరుతో వచ్చింది. ఒక్కసారి కొంటే కొత్త రూపాలన్నీ జీవితాంతం ఉచితం. ఊళ్లలోని కుర్రాళ్లు యూట్యూబ్ చూసి దాన్ని నేర్చుకుంటారు. రోడ్ షో మిక్స్, చాటల్ బ్యాండ్ మిక్స్, తీన్మార్ మిక్స్ అని పేర్లు పెట్టి పాటలు తయారుచేస్తారు. తయారుచేసిన ప్రాజెక్టు ఫైళ్లను ఒకరికొకరు ఇచ్చుకుంటారు, అమ్ముకుంటారు. సంగీత కళాశాల గడప తొక్కని పిల్లలు కాలప్రమాణాన్ని పాయింటు తేడా లేకుండా లెక్కగట్టడం నన్ను నిజంగా ఆశ్చర్యపరుస్తుంది.

ఆ లాప్‌టాప్‌లో డప్పు ఒక చిన్న ముక్క. ఎప్పుడో ఎవరో జాతరలోనో సావు దగ్గరో కొట్టినప్పుడు పట్టుకున్నది. కుడిచేతి సిర్ర దెబ్బ, ఎడమచేతి సిటికెన పుల్ల అదురు రెండూ అందులో ఉంటాయి. శ్రద్ధగా వింటే తేడా తెలుస్తుంది. బతికున్న డప్పు తోలు మంట మీద కాపినప్పుడు బిగిసి కంగుమంటుంది. రాత్రి మంచుకు మెల్లగా సడలి గొంతు దిగుతుంది. అందుకే వాయించేవాళ్లు మధ్యలో ఆగి, గడ్డి మంట వేసి మళ్లీ కాపుతారు. లాప్‌టాప్‌లోని డప్పు రాత్రంతా ఒకే బిగువున ఉంటుంది. ఎప్పుడో ఒక సాయంత్రం కాచిన మంట వేడి అందులో అలాగే ఆగిపోయింది. రెండు దెబ్బలు ఒకేలా ఉండవన్నది డప్పు గుణం, ఇందులో అన్నీ ఒకేలా ఉంటాయి.

మన డీజే పాటలకు ఇంకో ప్రత్యేకత ఉంది. పాట మొదట్లో, మధ్యలో ఒక గొంతు హోరుగా ప్రకటిస్తుంది: డీజే ఫలానా, ఫలానా ఊరు నుంచి. చిన్న తండా పేరు కూడా అలా పది జిల్లాల్లో మోగుతుంది. క్లబ్బు సంగీతం పుట్టిన దేశాల్లో డీజేలు పేర్లు పెట్టుకుంటారు గానీ, ఊరి పేరును ఇంత గర్వంగా పాటలో కలిపి పలకడం మన దగ్గరే ఎక్కువ. ఆ అలవాటు నాకు ఎంతో ఇష్టం. అదే ప్రకటనలో డప్పు కొట్టినాయన పేరు, ఆయన ఊరు కూడా చేర్చవచ్చు. రికార్డు చేసేటప్పుడే అడిగి రాసుకుంటే ఫైలు పేరులోనే పెట్టేయొచ్చు, చేతులు మారినా పేరు వెంట పోతుంది. పాటలో అదనంగా పట్టేది రెండు సెకన్లు.